కుందేలు పిల్లకి ఏ బొమ్మ ఇవ్వాలి, మన నెల్లూరు ఎండల్లో దాన్ని ఎలా సాకాలి

మా బొరుగుకి (తెల్లగా, తేలిగ్గా, ఉన్న చోట ఉండకుండా ఎగురుతుంటే మా పాప పెట్టిన పేరు అది) మొదటి వారం నేను కొన్న బొమ్మలు మూడు. ఒక రంగు రబ్బరు బంతి, లోపల గజ్జె ఉన్న ప్లాస్టిక్ బంతి ఒకటి, ఒక బొచ్చు ఎలుక. అంగట్లో అతను "అన్నీ పెట్స్‌వే మేడం" అన్నాడు, తెచ్చేశాను. రబ్బరు బంతిని అది ముక్కుతో ఒకసారి నెట్టింది, వాసన చూసింది, పళ్ళతో శుభ్రంగా ఒక చెక్కు తీసింది. గోరంత చెక్కు. ఎక్కడ పడిందా అని మంచం కింద, చాప కింద, తలుపు మూల అంతా వెతికాను, దొరకలేదు. ఎక్కడికి పోయుంటుందో మీకే అర్థమై ఉంటుంది. మర్నాడు పొద్దున పెంటికల్లో ఆ ఎర్ర చెక్కు కనపడేదాకా నాకు నిద్ర లేదు, టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. ఇంతకీ ఆ రోజంతా బొరుగు ఆడుకుంది దేంతో అంటే, ఆ బొమ్మలు పెట్టిచ్చిన అట్టపెట్టెతో.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. కుక్కపిల్లకి బొమ్మ అంటే ఆట, కుందేలుకి బొమ్మ అంటే సగం మేత. దాని పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. నమిలి అరగదీసుకోకపోతే అవి వంకర తిరిగి నోట్లోనే గుచ్చుకుంటాయి, ఇక అది తినలేదు. అందుకని కొరకడం దానికి అల్లరి కాదు, పని. ఇంకో సంగతి, కుందేలుకి వాంతి చేసుకోవడం చేతకాదు. పిల్లి అయితే మింగకూడనిది మింగితే కక్కేస్తుంది, ఇది కక్కలేదు, లోపలికి పోయింది కింద నుంచి రావాలి, లేదంటే పేగులో ఇరుక్కోవాలి. కాబట్టి ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది మొత్తం తినేసినా పిల్లకి ఏమీ కాదా? ఏమీ కాదు అని గట్టిగా చెప్పగలిగితేనే అది బొరుగు ముందుకి పోతుంది. కింద రాసిందంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, మీరు కూడా అదే పట్టుకోండి.

1. ముందు పిల్లని చూసి తెచ్చుకోండి

బొరుగు కంటే ముందు మా ఇంట్లో ఇంకో పిల్ల ఉండేది, నాలుగు రోజులే. ట్రంక్ రోడ్డు పక్కన ఇనప వల బుట్టలో పెట్టి అమ్ముతుంటే పాప కదలనని మొరాయించింది, తీసుకున్నాం. "రెండు నెలల పిల్లమ్మా, ఏం పెట్టినా తింటది" అన్నాడు అమ్మేవాడు. నా అరచేతిలో ఇమిడిపోయింది. మేం కూడా బుద్ధిలేకుండా ఆవు పాలు పట్టాం, క్యారెట్ తురిమి పెట్టాం. మూడో రోజు విరేచనాలు, నాలుగో రోజు పొద్దున చూస్తే చల్లబడిపోయి ఉంది. దానికి నెల కూడా నిండి ఉండదని ఆ తర్వాత డాక్టర్ చెప్తే తెలిసింది. కుందేలు పిల్ల 8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉండాలి, పేగులు గడ్డికి అలవాటు పడి కుదురుకునేది ఆ రోజుల్లోనే. అంతకు ముందే తల్లి నుంచి తీసేస్తే ఇలా విరేచనాలు పట్టుకుని పోతాయి. తల్లిని చూపించమని అడగండి, చూపించలేని చోట కొనకండి.

చూసేటప్పుడు కళ్ళు తేటగా ఉన్నాయా, ముక్కు పొడిగా ఉందా, చెవి లోపల గోధుమరంగు పొక్కులు ఏమైనా కట్టి ఉన్నాయా (ఉంటే పురుగు పట్టినట్టు), తోక కింద బొచ్చు అంటుకుపోయి ఉందా చూడండి. పెదవి కాస్త పైకెత్తి పళ్ళు చూడండి, పై పళ్ళు కింది పళ్ళ మీదికి కొంచెం దాటి ఉండాలి. ఎదురెదురుగా గుద్దుకుంటున్నా, పక్కకి పోతున్నా ఆ పిల్లకి జన్మంతా పంటి బాధే.

కుందేలు ఒంటరి జంతువు కాదు, తోడుంటే బాగుంటుంది. కానీ ఆడ, మగ తెచ్చి ఒకే చోట వదిలేస్తే మూడు నెలలు దాటాక మీ చేతిలో ఏమీ ఉండదు. ఈనేది 31 రోజులకి, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. మూడో నెలలోనే విడదీయండి, లేదా వయసొచ్చాక ఆపరేషన్ చేయించి అప్పుడు కలపండి. ఆడదానికి ఆపరేషన్ చేయించకపోతే వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో క్యాన్సర్ వచ్చే ముప్పు చాలా ఎక్కువ, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంకొక్క మాట. పొలాల్లో, కంపల్లో దొరికే చెవులపిల్లి వేరు, ఇంట్లో సాకే కుందేలు వేరు. చెవులపిల్లి కూన బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడుతుంది, తల్లి పక్కన లేకపోయినా అది తప్పిపోయినట్టు కాదు, తల్లి వచ్చి పాలిచ్చి పోతుంది. దాన్ని పట్టుకొచ్చి సాకడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో పిలకాయలు కయ్యల్లో నుంచి తెచ్చేవాళ్ళు, ఒక్కటి కూడా వారం బతికింది లేదు.

2. చోటు సిద్ధం చేయండి

బోను కొనేముందు దాని అడుగు చూడండి. అడుగు కూడా ఇనప వలే అయితే వద్దు, కుందేలు పాదం కింద పిల్లికి ఉన్నట్టు మెత్తలు ఉండవు, ఉత్త బొచ్చే, వల మీద కూర్చుని కూర్చుని పుండ్లు పడతాయి. ఉన్న బోను పారేయలేమంటారా, అట్ట వేసి దాని మీద మందంగా గడ్డి పరవండి. కనీసం మూడు గెంతులు వేసే పొడుగు, వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే చెవులు తగలనంత ఎత్తు ఉండాలి. బోను ఎంత పెద్దదైనా రోజుకి మూడు నాలుగు గంటలు బయట తిరగనివ్వాలి, అది కూడా పొద్దున్నే, సాయంత్రం. మధ్యాహ్నం అదే పడుకుంటుంది.

మన ఇళ్ళలో గ్రానైట్ నేల, నున్నటి టైల్స్. మనకి గొప్పగా ఉంటుంది గానీ దాని కాళ్ళు జారి పక్కలకి పోతాయి, చిన్న పిల్లకయితే తుంటి పాడవుతుంది. రంగు వేయని తుంగ చాపో, గోనెపట్టో పరిస్తే సరి. చాప అంచులు తింటుంది. తిననీయండి, తుంగే కదా. ప్లాస్టిక్ చాప మాత్రం వేయకండి.

వైర్లు. ఫోన్ చార్జర్, ఇన్వర్టర్ వైరు, ఇంటర్నెట్ వైరు, దానికి అన్నీ వేళ్ళలాగే కనిపిస్తాయి, దారికి అడ్డమొచ్చిన వేరుని కొరకడం దాని పుట్టుబుద్ధి. ఎలక్ట్రికల్ షాపుల్లో మీటర్ల లెక్కన ముడతల పైపు అమ్ముతారు, వైర్లన్నీ అందులోంచి లాగండి, లేదా మూరెడు ఎత్తుకి కట్టేయండి. చీరలు కూడా అంతే. మా అమ్మ వెంకటగిరి చీర కుర్చీ మీద ఆరేసి వంటింట్లోకి పోయి వచ్చేలోపు కొంగు చివర అర్ధరూపాయి బిళ్ళంత గుండ్రంగా, కత్తెరతో కత్తిరించినట్టు కన్నం. అమ్మ రెండు రోజులు బొరుగుతో మాట్లాడలేదు. నాకు దిగులు చీర గురించి కాదు, ఆ దారం పేగులో ఉండ కట్టకుండా ఉంటే చాలని.

అది దొడ్డికి పోవడానికి గదిలో ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ టబ్ పెట్టి అడుగున న్యూస్ పేపర్, పైన గడ్డి వేయండి. తింటూ తింటూ వెళ్ళడం దాని అలవాటు, కాబట్టి మేత కూడా ఆ టబ్ అంచునే పెడితే వారంలో నేర్చుకుంటుంది. పిల్లుల కోసం అమ్మే ఇసక వద్దు, తిన్నదంటే పొట్టలో గడ్డ కడుతుంది.

3. మేత: బొమ్మలన్నిటికంటే పెద్ద బొమ్మ గడ్డే

తినేదాంట్లో ఐదింట నాలుగు వంతులు ఎండు గడ్డి ఉండాలి. పళ్ళు అరిగేది దాంతోనే, పేగులు కదిలేది దాంతోనే. ఆన్‌లైన్‌లో తిమోతి గడ్డి దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. మన దగ్గర గరిక ఉంది కదా, వినాయక చవితికి తెచ్చుకునేదే. మందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, తిప్పుతూ రెండు రోజులు ఆరబెట్టి గోనెసంచిలో దాచండి, ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పడుతుంది. పచ్చి గరిక కూడా కొంచెం కొంచెంగా అలవాటు చేయొచ్చు. గేదెలకి వేసే దశరథ గడ్డి దొరికితే ఎదిగే పిల్లకి మంచిది, ఆరు నెలల దాకా అలాంటి బలమైన మేత ఇవ్వొచ్చు, ఆ తర్వాత తగ్గించాలి.

మన దగ్గర వరిగడ్డికి కొదవలేదు కాబట్టి అందరూ అడిగేది దాని గురించే. కింద పరుపుగా వేయండి, నాలుగు పరకలు తిన్నా ఏమీ కాదు. కడుపు నింపే మేత మాత్రం కాదు, అందులో బలం లేదు. వామి అడుగు నుంచి తీసిన నల్లబడిన గడ్డి అయితే పరుపుకి కూడా పనికిరాదు.

తెచ్చిన కొత్తలో పది రోజులు అది ఇంతకుముందు ఏం తినేదో అదే పెట్టండి, ఇల్లు మారిన భయం చాలు, మేత కూడా మార్చొద్దు. ఆకుకూరలు మూడో నెల దాటాక ఒక్కొక్కటి మొదలుపెట్టండి. ఈ రోజు కొత్తిమీర నాలుగు రెబ్బలు, రెండు రోజులు పెంటికలు చూడటం, బాగుంటే పుదీనా, తర్వాత మెంతికూర, ముల్లంగి ఆకు. పాలకూర, గోంగూర ఎప్పుడో ఒకసారి చాలు. క్యారెట్ మిఠాయి లాంటిది, వేలి గోరంత ముక్క వారానికి రెండుసార్లు. అరటిపండు కూడా అంతే. ఉల్లి, వెల్లుల్లి, టమాటా ఆకు, బంగాళదుంప, చాక్లెట్ అస్సలు వద్దు. అన్నం, ఇడ్లీ, బిస్కెట్, మలైకాజా, బొరుగులు (అవును, బొరుగుకి బొరుగులు పెట్టకూడదు, చుట్టాలందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను) ఏవీ దాని పేగులకి సరిపడవు.

నీళ్ళు బరువైన మట్టి మూకుడులో పెట్టండి. బాటిల్ కంటే మూకుడులోనే ఎక్కువ తాగుతుంది, మట్టి వల్ల చల్లగా కూడా ఉంటాయి.

తెల్లవారుజామున అది వంగి తన వెనక భాగం దగ్గర నోరు పెట్టి ఏదో తింటుంటే కంగారు పడకండి. మెత్తటి పెంటికలు వేరే వస్తాయి, ద్రాక్ష గుత్తిలా, వాటిని తినడం దానికి అవసరం, ఆపకండి.

4. ఇప్పుడు బొమ్మలు

పైసా ఖర్చు లేని వాటితో మొదలుపెడదాం. అట్టపెట్టె. టేపు ఒక్క ముక్క మిగలకుండా పీకండి, పిన్నులు తీయండి, పైన రంగులు అచ్చేసిన మెరుపు పొర ఉంటే ఆ వైపు చించేయండి. రెండు వైపులా తలుపుల్లాగా రెండు కన్నాలు కోయండి, ఒకటే పెడితే లోపల ఇరుక్కున్నట్టు భయపడుతుంది. ఆ పెట్టెలో గుప్పెడు గడ్డి పడేసి వదిలేస్తే గంటసేపు మీ జోలికి రాదు. అట్ట చించి పడేయడం ఆట, కాస్త కాస్త మింగినా ఏమీ కాదు. పెట్టె మొత్తం కూర్చుని తినేసే రకం కొన్ని ఉంటాయి, అవి గడ్డి తక్కువై అట్ట తింటున్నాయని అర్థం, గడ్డి పెంచండి.

తవ్వే పెట్టె. ఆడ కుందేళ్ళకి తవ్వుడు పిచ్చి ఎక్కువ. లోతైన టబ్బులో చించిన న్యూస్ పేపర్ ముక్కలు, గరిక కలిపి వేసి, అడుగున రెండు కొత్తిమీర రెబ్బలు దాచండి. ఇది పెట్టాక మా సోఫా మూల తవ్వడం మానేసింది.

జామ కొమ్మ. నా లెక్కలో నంబర్ వన్ ఇదే. మీ దొడ్లో జామచెట్టు ఉంటే చిటికెన వేలు లావు నుంచి బొటనవేలు లావు దాకా ఉన్న కొమ్మలు కోసి, కడిగి, వారం పది రోజులు ఎండబెట్టండి. ముందు ఒకటి ఇచ్చి చూడండి. బొరుగు చేసేది ఏందంటే, కొమ్మని ముందు కాలితో తొక్కిపెట్టి, బెరడుని పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా ఒలుస్తుంది, మనం చెరుకు గడ ఒలిచినట్టు. బెరడంతా అయ్యాక తెల్లటి కర్రని ముందు పళ్ళతో టకటకా చెక్కుతుంది, ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. మల్బరీ కొమ్మలు కూడా ఇంతే భేషుగ్గా పనికొస్తాయి, ఆకులతో సహా. మందారం కొమ్మ, ఆకు, పువ్వు అన్నీ తినొచ్చు, నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కవి మాత్రం వద్దు, మందు కొట్టి ఉంటారు.

ఇక్కడ ప్రకాశం వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మీ చుట్టుపక్కల కొమ్మ అంటే సుబాబుల్, లేకపోతే జామాయిల్. రెండూ వద్దు. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషం ఉంటుంది, మేకలు తింటున్నాయి కదా అని కుందేలుకి వేస్తే బొచ్చు రాలిపోయి చిక్కిపోతుంది. జామాయిల్ పేరులో జామ ఉంది గానీ అది జామ కాదు, ఆ ఘాటు నూనె దీనికి పడదు. పొగాకు పండించే ఇళ్ళలో ఇంకా జాగ్రత్త, ఎండిన కాడలు పెరట్లో కట్టలుగా పడుంటాయి, ఆకు తుక్కు మూలల్లో ఉంటుంది, నికోటిన్ కుందేలుకి చిన్న మోతాదులోనే విషం. కందుకూరు దగ్గర మా పెద్దమ్మ ఇంటికి బొరుగుని తీసుకుపోయినప్పుడు నేను చేసిన మొదటి పని చీపురు పట్టుకుని వసారా ఊడవడం, "వచ్చీరాగానే ఇదేందే" అని ఆమె నవ్వింది. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ కొమ్మలు దొరుకుతాయి, ముళ్ళున్నాయి, తోటల్లో మందులు కొడతారు, వాటి జోలికీ పోవద్దు. మామిడి కొమ్మకి జిగురు, వద్దు. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, లాంటానా గురించి చెప్పక్కర్లేదు, ఆకు తగిలినా తీసేయండి.

తాటాకు. రంగు వేయని తాటాకు బుట్ట, విసనకర్ర, రెండూ మంచి బొమ్మలే. బుట్టలో గడ్డి కుక్కి బోర్లించండి, తిప్పి తిప్పి లాక్కుంటుంది. విసనకర్ర కొనేటప్పుడు అంచున కుట్టిన గుడ్డ, దారం, ఇనప తీగ తీసేయండి. పసుపు, గులాబీ రంగులద్దినవి ఉంటాయి, అవి వద్దు. ఎండిన మొక్కజొన్న పొత్తు మీది పొట్టు ఇవ్వొచ్చు. గింజలొలిచిన కండె మాత్రం ఇవ్వకండి, ముక్కలుగా మింగితే పేగుకి బిరడాలాగా అడ్డం పడుతుంది. కొబ్బరి చిప్ప నున్నగా గీకి మేత గిన్నెలా పెట్టొచ్చు, పీచు ఉన్నది వద్దు, ఆ పొడుగు పీచులు పొట్టలో చిక్కుపడతాయి.

మట్టి కుండ. పాత కుండ మూతిని దాని తల, భుజాలు పట్టేంత వెడల్పుగా చేయించి, అంచు గరుకు కాగితంతో రుద్ది, పక్కకి పడుకోబెట్టండి, దొర్లకుండా రెండు వైపులా ఇటుకలు పెట్టండి. దూరడానికి గుహ, ఎండాకాలం చల్లటి గది. లోపల రంగు, వార్నిష్ ఏమీ ఉండకూడదు.

ఇక కొనాలనే అనిపిస్తే, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పసిపిల్లల తాళాల గుత్తి బొమ్మ ఒక్కటి చాలు, మొదట్లో చెప్పిన ప్రశ్నకి నేనిచ్చే మినహాయింపు ఇదొక్కటే. దాన్ని పళ్ళతో పట్టి విసిరేయడం మహా సరదా దానికి. గట్టిది అంటే గోటితో నొక్కితే గుంట పడకూడదు. వారానికోసారి తడిమి చూడండి, అంచు చెదిరిందంటే పారేయండి. మెత్తటి రబ్బరు, స్పాంజి, థర్మోకోల్, గుడ్డ బొమ్మలు, గుండీ కళ్ళవి, గజ్జెలవి, ఎలుకలు పరిగెత్తే చక్రాలు ఏవీ వద్దు. చెక్క అని అమ్మేవాటిలో ప్లైవుడ్ ఉంటే లోపలంతా జిగురే. రంగుల చెక్క బొమ్మలు అలమరలో అందంగా ఉంటాయి, అక్కడే ఉంచండి. ఉదయగిరి గరిటెలు చెక్కవే కదా అని మా మరిది ఒకటి తెచ్చిచ్చాడు, పులుసులో మునిగి తేలిన గరిటె అది, నూనె, ఉప్పు, కారం అన్నీ పీల్చుకుని ఉంది. వాసన చూసి అదే వెనక్కి గెంతింది, దానికున్న తెలివి మా మరిదికి లేదు. ఏ చెట్టు కర్రో మీకు తెలియని చెక్క ఏదైనా సరే, ఇవ్వకండి.

అన్నీ ఒకేసారి పరిచేయొద్దు. రెండు మూడు బయట, మిగతావి దాచిపెట్టండి, మూడు నాలుగు రోజులకి మార్చండి, పాతదే కొత్తగా వాసన చూసుకుంటుంది. రోజూ రాత్రి పడుకునే ముందు అన్నిటినీ ఒకసారి చేత్తో తడమండి, ఎక్కడ విరిగింది, ఏ ముక్క తగ్గింది అని.

5. ఎండాకాలం

కుందేలుకి చెమట పట్టదు, ఒంట్లో వేడి పోయేది ఎక్కువగా చెవుల్లోంచే. 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం, మనకి ఏప్రిల్ వస్తే 40. రోహిణి కార్తెలో మనమే గుమ్మం దాటం. డాబా మీద రేకుల గదిలో బోను పెట్టడం అంటే దాన్ని వేయించినట్టే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే నేల గదికి మార్చండి, కిటికీకి వట్టివేరు తడకో తడి గోనెపట్టో కట్టండి. చీమకుర్తి గ్రానైట్ ముక్క ఒకటి, పలకల షాపులో కోసేయగా మిగిలింది అడిగితే ఇస్తారు, తెచ్చి నీడన పెట్టండి, పొట్ట ఆనించి దాని మీదే పడుకుంటుంది. కరెంటు పోయే రోజుల కోసం ఫ్రిజ్‌లో రెండు లీటరు బాటిళ్ళు ఎప్పుడూ గడ్డకట్టించి ఉంచండి, టవల్ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుంటుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉక్క ఎక్కువ, అక్కడ గది మూసేసి కూలర్ పెడితే చెమ్మ పెరుగుతుందే గానీ చల్లబడదు, కిటికీ తీసి పెట్టండి.

చెవులు కాలిపోతున్నా, నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుతున్నా వడదెబ్బే. మామూలు నీళ్ళతో చెవులు తడపండి, నీడన, గాలిలో పెట్టండి, డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. ఐసు నీళ్ళలో ముంచకండి, ఆ అదురుకే పోతుంది. ఆ మాటకొస్తే మామూలు రోజుల్లో కూడా కుందేలుకి స్నానం చేయించకూడదు, అదే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది, బొచ్చు రాలే రోజుల్లో దువ్వితే చాలు.

మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ నెలల్లో గడ్డి బూజు పడుతుంది, ఈగలు ఎక్కువవుతాయి. వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగ గుడ్లు పెట్టి ఒక్క రోజులో పురుగులు పడతాయి. రోజుకి రెండుసార్లు తోక ఎత్తి చూడండి. దీపావళి టపాకాయలప్పుడు లోపలి గదిలో, మూసిన కిటికీలు, తిరుగుతున్న ఫ్యాను చప్పుడు, దూరడానికి కుండ, ఇవి ఉండాలి. భయానికే గుండె ఆగిపోయే ప్రాణి అది.

6. ఎత్తుకోవడం, జబ్బు కనిపెట్టడం

చెవులు పట్టుకుని ఎత్తకండి, సినిమాల్లో మేజిక్ వాళ్ళు చేసింది చూసి పిలకాయలు అదే చేస్తారు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిర్రల కింద, మీ ఒంటికి ఆనించి. వెనక కాళ్ళు గాలిలో వేలాడితే గట్టిగా తంతుంది, ఆ తన్నుకి దాని వెన్నెముకే విరుగుతుంది. పదేళ్ళలోపు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి ఒళ్ళో వదలండి, నిలబడి ఎత్తుకోనివ్వకండి.

ఆరోగ్యం చూడాలంటే పెంటికలు చూడండి. ఎదిగినదానికయితే నల్ల శనగలంత, గుండ్రంగా, పొడిగా, నలిపితే లోపల గడ్డి పొడి కనిపించాలి. మిరియాలంత చిన్నవైపోయినా, తగ్గినా, బొచ్చుతో పూసల దండలా వస్తున్నా పొట్ట మందగిస్తోందని అర్థం. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటిక వేయకపోయినా "రేపు చూద్దాంలే" అనుకోవద్దు, రేపటికి ఉండదు. ఉచ్చ ఒక్కోరోజు ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, ఆకుల రంగు వల్ల అది మామూలే. ఉచ్చ పోయడానికి ముక్కుతున్నా, నెత్తుటి చారలు కనిపించినా అప్పుడు మాత్రం చూపించాలి.

పళ్ళు పెరిగాయని ఇంట్లో గోళ్ళ కట్టర్‌తో కత్తిరించకండి, నిలువునా చీలిపోతాయి.

డాక్టర్ని పిల్లని తెచ్చిన వారంలోనే వెతికి పెట్టుకోండి, జబ్బు చేశాక కాదు. ఫోన్ చేసి "కుందేళ్ళని చూస్తారా" అని సూటిగా అడగండి, చాలామంది కుక్కలు, పశువులే చూస్తారు, అందులో తప్పేమీ లేదు. దగ్గర్లో దొరకకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఉంది, నెల్లూరు నుంచి రెండున్నర మూడు గంటల ప్రయాణం, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరుకోవచ్చు. ఎవరి దగ్గరికి పోయినా రెండు మాటలు మర్యాదగా అడగండి. ఒకటి, పురుగులకి వేసే మందులో ఫిప్రోనిల్ ఉందా అని, కుక్కలకి మెడ మీద వేసే చుక్కల మందుల్లో ఉండేది అదే, కుందేలుకి ప్రాణాంతకం. రెండు, నోటితో ఇచ్చే యాంటీబయాటిక్ పెన్సిలిన్ రకమా, అమాక్సిసిలిన్ లాంటిదా అని, అవి దాని పేగుల్లోని మంచి క్రిముల్ని చంపేసి విరేచనాలతో పిల్లని తీసుకుపోతాయి. నేను ఈ రెండు పేర్లూ బొరుగు టబ్ పక్కన గోడకి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. కింది సగం అది ఎప్పుడో తినేసింది, అందుకని ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద, పై వరసలో అంటించాను.